క్యాంటీన్ కిటికీ దగ్గర సైకాలజిస్ట్

"నువ్వు రాలేదు కదా డెల్, అందుకే నిన్నే ఎన్నుకున్నాం," అన్నాడు క్రెయిగ్, గుడ్డు పచ్చసొనలో టోస్టు ముక్క ముంచుతూ.

డెల్వీన్ సింక్ దగ్గర నిలబడి ట్రేకి అంటుకుపోయిన చీజ్‌ని స్టీలు పీచుతో గీకుతోంది. ఆ చెయ్యి ఆగిపోయింది.

యారబిన్ రగ్బీ క్లబ్బులో అది తాతల నాటి ఆచారం. ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి ఎవరు రాకపోతే పదవి వాళ్ల నెత్తిన పడుతుంది. వచ్చినవాళ్లంతా నేల చూపులు చూస్తారు. ఒకరు రానివాళ్ల పేరు చెబుతారు, ఇంకొకరు బలపరుస్తారు, అందరూ కలిసి బీరు తెరుస్తారు. నిన్న సాయంత్రం వాళ్లు బీరు తెరుస్తున్న సమయానికి, నలభై మూడేళ్ల డెల్వీన్ ఊరి స్టడీ సెంటర్లో కూర్చుని సైకాలజీ మూడో ఏడాది ఆఖరి పరీక్ష రాస్తోంది.

"ఏ పదవి?"

"ఆటగాళ్ల సంక్షేమం. నీ చదువుకి సరిగ్గా సరిపోతుంది. ప్రెసిడెంట్ నెవ్ కూడా అదే అన్నాడు. క్లబ్ క్యాంటీన్ ఎలాగూ నువ్వే చూస్తున్నావుగా."

"జీతమెంత?"

క్రెయిగ్ పగలబడి నవ్వాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె వేసిన జోకులకు అతను ఇంత హాయిగా నవ్వింది లేదు. ఇది మాత్రం ఆమె జోకుగా అనలేదు.

సైకాలజీ చదువుతోందని తెలిసిన నాటి నుంచీ ఊరు ఊరంతా ఆమెకు ఉద్యోగాలు వెతికిపెడుతూనే ఉంది. పెట్రోలు బంకు ఆవిడ కనబడినప్పుడల్లా "నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అంటుంది. ఆమె మనసులో ఏముందో చెప్పడానికి చదువక్కర్లేదు, వెనక నిలబడ్డ నాలుగు కార్లను చూస్తే చాలు. ఆడపడుచు తన కుక్క ఉరుములకు ఎందుకు వణుకుతోందో కనుక్కోమంది. క్రెయిగ్ "ముందు నా లంచ్ డబ్బా మూత ఎక్కడుందో కనిపెట్టు, తర్వాత జనం మనసులు" అన్నాడు. పెరట్లో చిన్న ఇంట్లో ఉండే అత్తగారు బెరిల్ అయితే మొదటి ఏడాదే తేల్చేసింది. "మా కాలంలో అందరి ఏడుపూ వినేదాన్ని పక్కింటావిడ అనేవాళ్లం. దానికి డిగ్రీలిచ్చేవాళ్లు కాదు." వీళ్లందరూ చూపించిన ఉద్యోగాల్లో ఒక్కదానికీ జీతం లేదు, సెలవు లేదు, కనీసం కూర్చోడానికి కుర్చీ లేదు.

స్టడీ సెంటర్లో సలహాలిచ్చే ఇమోజెన్ అనే ఇరవయ్యారేళ్ల అమ్మాయి మాత్రం గోడ మీద పెద్ద కాగితం అంటించి అసలైన దారులు గీసి చూపింది. కరువుకి కుదేలైన రైతుల హెల్ప్‌లైన్, జైలు నుంచి విడుదలయ్యేవాళ్లకు దారి చూపే పని, ఆఫీసుల్లో ఉద్యోగుల ఎంపిక, మార్కెట్ సర్వేలు. మూడేళ్ల డిగ్రీతో ఇవన్నీ దొరుకుతాయి.

"సైకాలజిస్ట్ కావాలంటే మాత్రం నాలుగో ఏడాది ఆనర్స్ సీటు రావాలి, ఆపైన ఇంకో రెండేళ్లు, అప్పుడు సైకాలజీ బోర్డులో రిజిస్ట్రేషన్. అంతవరకూ ఆ పేరు వాడుకోవడం నేరం డెల్. సరదాకి కూడా వాడకు."

డెల్వీన్ వేలు నాలుగో ఏడాది గడి మీద పడి అక్కడే ఉండిపోయింది. పన్నెండు సీట్లు, తొంభై మంది పోటీ. ప్రతి గురువారం టూవూంబా నగరంలోని యూనివర్సిటీలో తరగతి. ఇంటర్వ్యూ శుక్రవారం మూడింటికి, కంప్యూటర్లో.

శుక్రవారం రెండుంబావుకి ఇమోజెన్ ఫోన్ చేసింది.

"మీ క్లబ్ ఫేస్‌బుక్ పేజీ చూశావా? కూర్చుని చూడు."

ఫోటోలో క్యాంటీన్ గోడ మీద కొత్త బోర్డు. ఆకుపచ్చ అక్షరాలు క్రెయిగ్ చేతివే అని ఆమె వెంటనే పోల్చుకుంది. 'క్లబ్ సైకాలజిస్ట్ డెల్వీన్. మనసు బాగోలేనివాళ్లు క్యాంటీన్ కిటికీ దగ్గర అడగండి. ఉచితం.' దాని కింద స్టేక్ శాండ్‌విచ్ ధర. పక్కన బొటనవేలు పైకెత్తి నవ్వుతున్న తన భర్త.

సీటిచ్చేవాళ్ల కంట ఈ ఫోటో పడితే రాబోయే రిజిస్ట్రేషన్ రాకముందే పోయినట్టే. క్రెయిగ్‌కి ఫోన్ చేసింది.

"ఆ బోర్డు తీసెయ్. ఇప్పుడే."

"అదేంటి, నీ గురించి గొప్పగా చెప్పుకుంటే తప్పా? రెండు పూతలు వేశాను తెలుసా! వానకి చెరగని పెయింటు!"

"క్రెయిగ్, అది చట్టప్రకారం నేరం."

"సరే సరే, టీ తాగి తీస్తాలే."

నెవ్‌కి చేసింది. "తీయొచ్చమ్మా, కానీ కమిటీ తీర్మానం కావాలి. వచ్చే నెల పెడదాం," అన్నాడు నెవ్. "నువ్వు తప్పకుండా రా."

మూడుకి పదిహేను నిమిషాలుందనగా వరండా చెక్కలు కిర్రుమన్నాయి. డోజర్. క్లబ్ జట్టులో నూట పదిహేను కిలోల ఫార్వర్డ్ ఆటగాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"కిటికీ దగ్గర ఎవరూ లేరు. క్రెయిగ్ మీ ఇంటికెళ్లమన్నాడు," అని గుమ్మం పట్టుకుని భోరుమన్నాడు. "టానియా వెళ్లిపోయింది డెల్. పిల్లిని కూడా తీసుకుపోయింది!"

గడియారం వైపు చూస్తే మనిషి కనబడడం లేదు, మనిషి వైపు చూస్తే గడియారం కనబడడం లేదు. తిట్టాల్సింది వీణ్ని కాదని మాత్రం తెలుసు. కూర్చోబెట్టింది.

"డోజర్, విను. నేను సైకాలజిస్టుని కాదు. ఆ బోర్డు అబద్ధం. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది రోజులు."

"చచ్చిపోవాలనిపిస్తోందా? సూటిగా చెప్పు."

అతను ముక్కు చీదుకుని నిజంగానే ఆలోచించాడు. "అంత లేదు. పిల్లి కావాలి."

ఆమె క్లినిక్‌కి ఫోన్ చేసి నర్సుతో మాట్లాడి, ఐదింటికి డాక్టరు దగ్గర అతనికి సమయం తీసుకుంది. పెరటి తలుపు తీసి "బెరిల్!" అని కేకేసింది. బెరిల్ వచ్చి, ఏమీ అడగకుండా కెటిల్ పెట్టి, డోజర్ ముందు కేకు ముక్క పెట్టి కూర్చుంది. డెల్వీన్ పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకునేసరికి రెండు యాభై తొమ్మిది.

తెర మీద ప్రొఫెసర్ విన్‌స్టాన్లీ కళ్లజోడు సర్దుకుంది. "మొదలుపెట్టే ముందు ఒక మాట. మీ ఊరి క్లబ్ పేజీలో ఒక బోర్డు చూశాను."

ఏదైనా అబద్ధం ఆడొచ్చు. వేరే డెల్వీన్ అనొచ్చు. ఆ ఊళ్లో వేరే డెల్వీన్ లేదు.

"నాకు తెలియకుండా మా ఆయన రాశాడు," అంది. "నేను సమావేశానికి వెళ్లలేదని ఆ పదవి అంటగట్టారు. తీయమని ఇద్దరికి చెప్పాను. ఒకాయన టీ తాగుతున్నాడు, ఇంకొకాయనకి తీర్మానం కావాలట. ఆ బోర్డు చూసి ఇందాకే ఒకరు మా ఇంటికి వచ్చారు. నేను సైకాలజిస్టుని కాదని చెప్పాను. డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశాను. వచ్చిన మనిషికి నిమిషంలో అర్థమైంది. మా ఆయనకే ఇంకా టైం పట్టేలా ఉంది."

ప్రొఫెసర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దగ్గో నవ్వో తెలియలేదు. "చదువయ్యాక ఏం పని చేద్దామనుకుంటున్నారు? క్లినిక్కా? బడా? పరిశోధనా?"

ఇమోజెన్ నేర్పిన జవాబు బట్టీపట్టినట్టే గుర్తుకొచ్చింది. కానీ నోరు వేరే మాట అంది. "డ్యూటీ పట్టికలో నా పేరు నేనే రాసుకునే చోటు ఏదైనా సరే."

తొమ్మిది రోజులకి, రాత్రి భోజనాల వేళ కబురొచ్చింది. సీటు ఇచ్చారు. డెల్వీన్ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి చదివి వినిపించింది.

"అదిరింది డెల్!" అని క్రెయిగ్ నిజంగానే సంతోషపడ్డాడు. అంతలోనే మొహం మారింది. "గురువారమా? గురువారం ప్రాక్టీసు కదా. కుర్రాళ్ల తిండి ఎవరు చూస్తారు? ఒక్క ఏడాది ఆగకూడదూ? అమ్మ ముప్ఫయ్యొక్కేళ్లు చేసింది, ఒక్కనాడూ కిక్కురుమనలేదు."

బెరిల్ ఫోర్కు కింద పెట్టింది.

"నన్నెప్పుడు ఎన్నుకున్నారో తెలుసా క్రెయిగ్?"

"ఎప్పుడు?"

"మా అమ్మని పాతిపెట్టడానికి మా పుట్టింటి ఊరు రోమా వెళ్లిన రోజు. పేరు చెప్పింది మీ నాన్న. తిరిగొచ్చేసరికి క్యాంటీన్ తాళంచెవి వంటింటి బల్ల మీద ఉంది. అంత్యక్రియల నల్లబట్టలు మార్చుకోకుండానే ఉల్లిపాయలు తరిగాను. ఏడుస్తున్నానని ఎవరికీ అనుమానం రాలేదు."

క్రెయిగ్ తల్లి వైపు తిరిగాడు. "ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"ఎవరడిగారు?"

డెల్వీన్ 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కింది. ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ బెరిల్ వైపు జరుపుకుంది.

"నేనడుగుతున్నాను. చెప్పండి బెరిల్. మీ అమ్మగారి పేరేంటి?"

క్రెయిగ్ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ సంభాషణలో తన పనేమీ లేదని అర్థమయ్యాక లేచి, ప్లేట్లు పోగుచేసుకుని సింక్ దగ్గరికి నడిచాడు. సబ్బు ఎక్కడుంటుందో అడగబోయి, వెనక్కి తిరిగి వాళ్లను చూసి, తనే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.