కొత్త తొమ్మిది

మా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఉన్నది ఒకటే సెట్టు జెర్సీలు. వాటిని ఉతికేదీ నేనే, కుట్టేదీ నేనే. దర్జీని కాబట్టి అందరూ మాస్టారూ అని పిలుస్తారు. నేను పల్లెటూరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయానని కూడా అందరికీ తెలుసు. ఆ సంగతి ఆ పిలుపులో వినిపిస్తూనే ఉంటుంది.

పోయిన ఆటలో తొమ్మిదో నంబరు జెర్సీ నిలువునా చిరిగింది. అందులో ఉన్నది నా బావమరిది. రొట్టెల బట్టీ నడుపుతాడు, సగం సరుకు తనే తింటాడు. మా జట్టులో గోల్ కొట్టాల్సిన మనిషి వాడే. ఆఖరి గోల్ ఎప్పుడు కొట్టాడో వాడికే గుర్తు లేదు.

అతుక్కి ఆగే చిరుగు కాదు. కొత్త గుడ్డ కొన్నాను. ఎప్పుడిస్తావని ఆటగాళ్లు ప్రాణం తీస్తుంటే, కొట్టు బయట వేలాడే పలక మీద రాశాను: "కొత్త తొమ్మిది శనివారం వస్తుంది."

ఎదురుగా సెలూన్. దాని యజమానిని మైకు అంటారు. ఎందుకో అతను నోరు తెరిస్తే తెలుస్తుంది.

"చూశారా! మన జట్టుకి కొత్త తొమ్మిది వస్తున్నాడు!"

సగం గడ్డంతో కుర్చీలో ఉన్నాయన తల తిప్పి చూశాడు. "వస్తుంది అని ఉంది కదయ్యా?"

"మాస్టారి చదువు మనకి తెలీదా? వస్తాడు అనబోయి వస్తుంది అని రాసేశాడు, పాపం."

ఒళ్లు మండింది. మనిషికీ చొక్కాకీ తేడా మా బడిలోనూ చెప్పారు. రోడ్డు దాటి చెప్పొచ్చు. చెప్పలేదు. నా రాత దిద్దేవాడికి నేనెందుకు చెప్పాలి?

సాయంత్రానికి ఆ కొత్తవాడు ఆరడుగులు పెరిగాడు. మర్నాటికి రెండు కాళ్లతోనూ కొట్టడం నేర్చుకున్నాడు. శుక్రవారానికల్లా పెద్ద క్లబ్బులు కాళ్లావేళ్లా పడినా వద్దని మా దగ్గరికి బయల్దేరాడు. మాకున్నవి రెండు బంతులు, ఒకదాంట్లో గాలి నిలవదు. బట్టలు మార్చుకునే గదిలో కుళాయి ఉంది, నీళ్లు లేవు. ఆ మహానుభావుడు ఏం చూసి వస్తున్నాడో ఒక్క అభిమానీ అడగలేదు.

ఆ సాయంత్రం బావమరిది రొట్టెల సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల వాడి బూట్లు.

"కొత్తాయనకి ఇవ్వు బావా. సరిపోతే వేసుకుంటాడు."

"నువ్వో?"

"నేనెందుకింక? రేపు బట్టీ దగ్గరే ఉంటా. ఊరంతా చెప్పుకుంటోంది, నాతో ఒక్కడూ అనలేదు. నువ్వైనా అనలేదు."

మాకున్నది సరిగ్గా పదకొండుమంది. ఈ పోటీల్లో ఒక్కడు తగ్గినా ఆడనివ్వరు. మనిషి చాలక అంతకుముందు ఒక ఆట వదులుకున్నాం. ఇంకోసారి అలా జరిగితే పోటీల్లోంచి క్లబ్బు పేరు తీసేస్తామన్నారు నిర్వాహకులు.

వీడంటే నాకు ముద్దేమీ లేదు. నా భార్యను ఆఖరిసారి ఆస్పత్రిలో చేర్చిన రోజు, వీడు ఆటకి వెళ్లాడు. "వెళ్లరా, నువ్వు లేకపోతే పదిమందే" అని తమ్ముణ్ణి పంపింది ఆవిడే. ఆవిడ క్షమించింది. నేను క్షమించలేదు.

మిషన్ మీది కొత్త జెర్సీ తీసి వాడి మొహాన విసిరాను.

"తొడుక్కో."

"ఆయన చొక్కా నేనెందుకు..."

"తొడుక్కోరా!"

తొడుక్కున్నాడు. పొట్ట మీదుగా ఎక్కడా పట్టకుండా దిగింది.

"బావా, నాకు సరిపోయిందే!"

"మరి ఎవరి కొలతనుకున్నావు? ఇంత పొట్టేసుకుని ఫుట్‌బాల్ ఆడేవాడు ఇంకొకడుంటే చూపించు. చొక్కా కాబట్టి వస్తుంది అని రాశాను. మనిషైతే వస్తాడు అని రాసేవాణ్ణి."

వాడు పొట్ట ఊగేలా నవ్వాడు. జెర్సీ విప్పి మడతపెడుతూ వీపు మీది అంకె చూసి ఆగాడు.

"ఇది అక్క కుట్టిన తొమ్మిదే కదా?"

పాత జెర్సీ మీంచి ఊడదీసి దీనికి వేశాను.

"గుడ్డ చాలలేదు" అన్నాను.

బల్ల మీద మిగిలిపోయిన గుడ్డను చూశాడు. బూట్ల సంచీ చంకలో పెట్టుకుని వెళ్లాడు.

శనివారం మైదానం చుట్టూ కాలు పెట్టే చోటు లేదు. జట్టు వచ్చింది. అందరికంటే వెనక మా రొట్టెలవాడు. చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

మైకు నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, కొత్త తొమ్మిది ఏడీ?"

"వచ్చింది. కనపడట్లేదా?"

జెర్సీని చూశాడు. నన్ను చూశాడు.

"అంటే... మీరు సరిగ్గానే రాశారా?"

"ఊఁ."

వారమంతా ఆ ప్రశ్న కోసమే నోరు మూసుకున్నాను.

ఓడిపోయాం. అయితే పదకొండుమందితో చివరిదాకా ఆడి ఓడిపోయాం. బావమరిది కొట్టిన బంతి ఒకటి గోల్ కర్రకు తగిలి వెనక్కొచ్చింది. "చొక్కా మార్చారు గానీ కాళ్లు మార్చలేదు కదయ్యా!" అని మైకు అరిచాడు. జనం పడీపడీ నవ్వారు. మైదానంలో వాడూ నవ్వాడు.

సోమవారం పలక తుడిచి రాశాను: "పాత తొమ్మిది శనివారం వస్తాడు."

ఎదురుగా కత్తెర ఆగింది.

"మాస్టారూ, మళ్లీ తప్పు రాశారు! వస్తుంది అనాలి!"

నేను దిద్దలేదు.