కుడివైపు లాగే బండి

బండి మళ్లీ కుడివైపు లాగుతోంది.

షెడ్డు ముందున్న సిమెంటు నేల మీద మెకానిక్ ఇంకోసారి నడిపి చూశాడు. కాలేజీ ఆటస్థలంలో గడ్డి కోసే ఆ బండికి స్టీరింగు ఉండదు. సీటుకు చెరోవైపు ఒక లివరు ఉంటుంది. ఎడమది ఎడమ చక్రాన్ని, కుడిది కుడి చక్రాన్ని తిప్పుతుంది. రెండూ చివరిదాకా తోస్తే గీత గీసినట్టు తిన్నగా పోవాలి. ఇదేమో తాగినవాడిలా పక్కకు తూలుతోంది. నిన్ననే కదా సరిచేసింది! టైర్లలో గాలి చూశాడు. రెండూ సమానమే. వంగి చూస్తే, కుడి లివరును ఆపే బోల్టు లోపలికి బిగించి ఉంది. కుడి చక్రం వేగాన్ని ఎవరో కావాలనే తగ్గించారు.

సీటు కూడా బాగా ముందుకు జరిపి ఉంది. ఈ బండి నడిపేది మెకానిక్ బావ ఒక్కడే. ఆయనేమో తాటిచెట్టంత మనిషి. ఇలా జరుపుకుంటే మోకాళ్లు గడ్డానికి తగలవూ? ఇరవై ఏళ్లుగా బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి, ఇప్పుడు ఎవరో పొట్టివాడికి దొంగతనంగా అప్పగిస్తున్నాడా?

బావ బెంచీ మీద కూర్చుని బూటు లేసుతో కుస్తీ పడుతున్నాడు.

"బావా, బండి ఇంకెవరైనా తోలుతున్నారా?"

"ఎవడు తోలతాడు?" బావ తలెత్తలేదు. "నువ్వు బిగించేదేదో సరిగా బిగించి ఏడువు."

"నేను బాగానే బిగించాను. తర్వాత ఎవరో వేలు పెట్టారు."

"అయితే నీ షెడ్డుకు నువ్వే కాపలా కాసుకో."

మెకానిక్‌కు ఉన్న అనుమానం కాస్తా గట్టిపడింది.

సాయంత్రం అక్కను కదిలిస్తే ఆమె అనుమానాలు ఆమెకున్నాయి.

"మీ బావ ఏదో దాస్తున్నాడురా. వెలుగొస్తే చాలు, ఇంట్లో నిలవడు. ఎందుకంత తొందరంటే కసురుకుంటాడు. పెట్టిందంతా తింటాడు, మళ్లీ పెట్టమంటాడు, ఒంటికి మాత్రం పట్టదు. ఏ వ్యవహారం నెత్తికెత్తుకున్నాడో ఏమో! నీకు తెలిసీ దాస్తున్నావా?"

"నాకేం తెలుసక్కా?"

అక్క నమ్మినట్టు లేదు. తమ్ముణ్ణి కూడా ఓరగానే చూసింది.

మర్నాడు బండి కడుగుతూ మెకానిక్ సీటు పైకెత్తాడు. సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది. మనిషి బరువు తీసేస్తే ఇంజను ఆగిపోతుంది, కింద తిరిగే బ్లేడ్లూ ఆగుతాయి. దాని రెండు తీగల్నీ కలిపేసి ఎవరో టేపు చుట్టారు. అంటే నడిపేవాడు జారిపడినా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి! మెకానిక్‌కు ఒళ్లు మండిపోయింది. బావ కనబడితే నాలుగు కడిగేద్దామనుకున్నాడు. కానీ అడిగితే మళ్లీ ఎదురు తిరుగుతాడు. ఎవరికీ చెప్పకుండా టేపు పీకేసి తీగలు విడదీశాడు. దొంగను కళ్లారా చూడాలనుకున్నాడు.

మరుసటి రోజు మంచు ఆరకముందే వచ్చి ఆటస్థలం మెట్ల వెనక నక్కాడు.

బండి చప్పుడు వినిపించింది. దాని మీద ఉన్నది బావే. పక్కన పొట్టివాడూ లేడు, ఎవడూ లేడు. కాస్త గతుకు తగిలేసరికి ఇంజను ఆగిపోయింది. బావ మళ్లీ స్టార్టు చేశాడు. ఇంకో గతుకుకు మళ్లీ ఆగింది. షెడ్డువైపు తిరిగి మెకానిక్‌ను వంశంతో సహా తిట్టాడు. మైదానం అంచున ఉన్న వాలు మీద ఎడమ లివరు ముందుకు తోయబోయాడు. అది కదల్లేదు. కుడిచేతిని కూడా అటే వేసి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు. అంతే, సీటు మీంచి పక్కకు జారి పడిపోయాడు.

ఇంజను ఠక్కున ఆగింది. మెకానిక్ పరుగెత్తుకొచ్చేసరికి బావ బూటు బ్లేడ్ల మీది రేకు కప్పుకు ఆనుకుని ఉంది.

చంకల కింద చేతులు వేసి లేపితే ఆ భారీ మనిషి చిన్నపిల్లాడిలా తేలిగ్గా లేచాడు. అప్పుడు తెలిసింది మెకానిక్‌కు. రోజూ చూస్తున్న మనిషినే సరిగా చూడలేదని.

"వైరు తీసింది నువ్వేనా?" అన్నాడు బావ ఆయాసపడుతూ.

"నేనే. కలిపింది నువ్వేనా?"

"చిన్న గతుకొస్తే చాలు, ఆగిపోతోంది. ఆ సీటు నన్ను మనిషి కింద లెక్కే చెయ్యట్లేదురా." ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. "ఇది తోయట్లేదు. ముందుకు జరిగి కూర్చున్నా అంతే. అందుకే కుడిదాన్ని కూడా తగ్గించుకున్నా. రెండూ సమానంగా పోవాలిగా."

"నాకు చెబితే ఏం పోయింది?"

"దింపేస్తావని."

"దింపేసేవాణ్ణే!" అని అరిచి, మెకానిక్ అక్కడే గడ్డిలో కూలబడ్డాడు.

ఆ పూటే అక్క దగ్గరుండి ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఎన్నాళ్ల నుంచో షుగరు ముదిరి కండ కరిగిందనీ, చేతి నరాలు దెబ్బతిన్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. మందులు వాడితే చాలావరకు కోలుకుంటాడంది. దారి పొడుగునా అక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని ఏడ్చింది.

కాలేజీవాళ్లు బావను షెడ్డులో కూర్చునే పనికి మార్చారు. కోలుకునేదాకా గడ్డి కోసే పని మెకానిక్ మీద పడింది. మొదటిరోజు మైదానం సగం కోసి వెనక్కి చూస్తే, బావ షెడ్డు గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ చారలేంట్రా, పాము పాకినట్టు!" అని కేకేశాడు. "తెలియక చేస్తున్నావా, నా మీద కోపంతో చేస్తున్నావా?"