పక్క దేశపు వంటిల్లు

"పక్క దేశంలో ఆడవాళ్ళది కుక్కబతుకటమ్మా," అన్నాడు కొడుకు, ఫోన్లోంచి తలెత్తకుండా ఖాళీ గ్లాసు ముందుకు చాపుతూ. ఆవిడ నీళ్ళు పోసింది.

ఈమధ్య వాడికి పక్క దేశం మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. అక్కడికి పోయిందీ లేదు, అక్కడి మనిషితో ఒక్క మాట మాట్లాడిందీ లేదు. మంచమ్మీద పడుకుని వీడియోలు వేలితో పైకి తోస్తూ తోస్తూ సరిహద్దు అవతల ఇంటింటి గుట్టూ తెలుసుకున్నాడు. అక్కడ మగాళ్ళు రాక్షసులు, ఆడవాళ్ళు బానిసలు. ఇక్కడైతే ఆడవాళ్ళని దేవతల్లా చూసుకుంటాం. ఆ మాటంటూనే తడి తువ్వాలు మంచమ్మీద పడేసి కాలేజీకి పోతాడు. తీసి ఆరేసే దేవత ఆవిడే.

ఆవేళ ఆవిడ నోట్లో వేరే మాట నానుతోంది. కొరియర్ ఆఫీసు కౌంటర్లో ఏళ్ళ తరబడి పార్సిళ్ళు తూస్తున్న ఆవిడకి సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు. ముందు రెండ్రోజులు పెద్దాఫీసులో ట్రైనింగు. రేపు పొద్దున్నే బస్సు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. పోయినసారి ఇలాంటి అవకాశమే వస్తే మొగుడు, "వెళ్ళు, నేనేమన్నా వద్దన్నానా? ఇల్లెలా గడుస్తుందో అది మాత్రం చెప్పి వెళ్ళు," అన్నాడు. అది చెప్పడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది.

"నాన్నా, ఇది చూడు! లక్షలమంది చూశారు," అంటూ భోజనాల బల్ల మీద ఫోను పెట్టాడు కొడుకు. వడ్డిస్తూ ఆవిడా తొంగిచూసింది. ఏడుపు సంగీతం. ఎవరో ఆడమనిషి వీపు. అంట్లు తోముతోంది. పక్కనుంచి ఒక చెయ్యొచ్చి కడిగిన గిన్నెల మీదే ఎంగిలి కంచం పడేసి పోయింది. ఇంకో చెయ్యొచ్చి గ్లాసు పడేసింది. కింద పెద్దక్షరాలు: పక్క దేశంలో ఇల్లాలి గతి.

కుళాయికి చుట్టిన నీలం చారల గుడ్డ చూసి ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన పాత చొక్కా చింపి తనే కట్టిన గుడ్డ అది. "కుళాయి ఎలా కారుతోందో చూడవే" అని, వెనక అలమరలో ఫోను నిలబెట్టి తీసి చెల్లెలికి పంపిన వీడియో! ఆ మహాతల్లి నవ్వుకుని ఎక్కడ పెట్టిందో, ఎవరు మాటలు పీకేసి సంగీతం తగిలించారో, మొత్తానికి తన వంటిల్లు సరిహద్దు దాటేసింది. తను మాత్రం ఊరి పొలిమేరైనా దాటలేదు.

గురివింద గింజకి తన నలుపు కనపడదంటారు. వీళ్ళకి ఫోన్లో చూపించినా కనపడలేదు. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. రోజూ వీళ్ళ కళ్ళముందుండేది ఆ వీపే కదా, కన్నకొడుకు అదీ గుర్తుపట్టలేదు.

"సిగ్గులేని మగాళ్ళు," అన్నాడాయన. "తిన్న కంచం కడుక్కోలేరూ?"

"అసలావిడ ఎందుకు పడుండాలి నాన్నా? రెండ్రోజులు ఎటైనా పోతే తిక్క కుదురుతుంది వీళ్ళకి."

"నిజమేరా. కానీ పోనివ్వాలిగా?"

"పోనివ్వడానికి వీళ్ళెవరు?" బల్ల గుద్దాడు కొడుకు.

ఆవిడ గరిటె కిందపెట్టింది. కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యే కూర్చుని తనకి తనే వడ్డించుకుంది. ఇద్దరూ వింతగా చూశారు.

"ఇంకోసారి పెట్టరా. ఈసారి కుళాయి చూడు."

కొడుకు చూశాడు. తలెత్తి వంటింట్లోకి చూశాడు. మళ్ళీ ఫోన్లోకి చూశాడు. ఆయన చెయ్యి మెల్లిగా బల్ల కిందికి జారుకుంది.

"ఇద్దరూ ఒప్పుకున్నారుగా," అంది ఆవిడ, నింపాదిగా తింటూ. "రేపు పొద్దున్న బస్సుకి నేనే ఆ దేశం నుంచి బయల్దేరుతున్నాను."