ఫస్ట్ స్కూటు

మా ఆయనకు ఓడిపోవడం రాదు. ఓడిపోయేలోపే లేచి వచ్చేస్తాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ మనిషి ఒక్క పని చివరిదాకా చేయగా నేను చూడలేదు. ఎమ్మెస్సీ పరీక్షకు పోయి, ప్రశ్నపత్రం చూసి, అరగంటకే బయటికొచ్చాడు. సినిమాకు తీసుకుపోతే ఇంటర్వెల్‌కే లేపుకొస్తాడు. ఎందుకయ్యా అంటే, "సగంలో లేస్తే సగం టైమన్నా మిగుల్తాది, అది మిడిల్ స్కూటు" అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది.

స్కూటు అనేది పేకాట మాట. మా ముదిగుబ్బ పక్క రెండొందల ఒకటి ఆట బాగా ఆడతారు. పదమూడు ముక్కలు పంచుతారు. ముక్కలు చూసుకుని, బాగాలేవనుకుంటే ఒక్క ముక్క కూడా ఎత్తకముందే కింద పెట్టేయొచ్చు. అది ఫస్ట్ స్కూటు, ఇరవై పాయింట్లు ఎక్కుతాయి. ఎత్తినాక మధ్యలో పెట్టేస్తే మిడిల్ స్కూటు, నలభై. చివరిదాకా ఆడి ఓడితే చేతిలో ఎన్ని ఉంటే అన్ని, ఎనభై దాకా. ఎవరి పాయింట్లు ముందుగా రెండొందల ఒకటికి చేరితే వాళ్ళు అవుట్.

మా ఆయన గంగాధరప్ప లెక్కల మాస్టరు. ఈ స్కూటు మీద ఒక నోటుబుక్కు నిండా లెక్కలు వేసి పెట్టుకున్నాడు. అన్నం తింటూ నాకు చెప్పి చెప్పి నాకూ నోటికొచ్చింది. ఇద్దరు ఆడేటప్పుడు ఓడితే సగటున మనకు నలభై, గెలిస్తే ఎదుటివాడికి నలభై. చెడ్డ ముక్కలతో నాలుగు ఆటలు ఆడి ఒక్కటే గెలిచామనుకో. మనకు నూటిరవై, వాడికి నలభై, తేడా ఎనభై. ఆ నాలుగూ ముందే కింద పెట్టేస్తే అదీ ఎనభయ్యే. కాబట్టి నాలుగింట్లో ఒక్కటి కూడా గెలవలేని ముక్కలైతే ఎత్తనే కూడదు. వినడానికి బాగానే ఉంటుంది. దానికితోడు ఆయన పడిన ప్రతి ముక్కనూ గుర్తుపెట్టుకుంటాడు. ఏ ఇస్పేటు ఎప్పుడు పోయింది, ఏ జోకరు ఇంకా కట్టలో ఉంది, అన్నీ తలలో ఉంటాయి. ఇంట్లో ఉప్పు అయిపోయిందన్న సంగతి మాత్రం ఉండదు.

రెండువేల రెండు జూన్‌లో బడి ఉద్యోగం కూడా అట్లాగే వదిలేశాడు. ప్రైవేటు బడి, పిల్లలు తగ్గిపోతున్నారు, ఈ ఏడాది మూతపడుతుంది, మనమే ముందు బయటపడదాం అన్నాడు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. మా నాయన నాకు రాసిచ్చిన మూడెకరాల్లో ఆయనే దిగాడు. జన్మలో మొదటిసారి గొర్రు పట్టి వేరుశనగ విత్తాడు. చేతులు బొబ్బలెక్కినాయి. మొలక వచ్చిన పొద్దు నన్ను లేపి మరీ చూపించాడు. ఆ ఒక్కరోజు మాత్రం నాకు ఆయన మీద కోపం రాలేదు.

ఆగస్టు తర్వాత వాన లేదు. సెప్టెంబరు చివరికొచ్చేసరికి కాయ ఊరే సమయంలో చెట్లు మధ్యాహ్నానికల్లా వాడిపోతున్నాయి. ఒక్క తడి పడితే కాయ నిలుస్తుంది, దాంతోపాటు కట్టె కూడా. కాయ తెంచుకోగా మిగిలే చెట్టునే మేం కట్టె అంటాం. మా రెండెద్దులకు ఏడాది మేత అదే. అది లేకపోతే ఎద్దులను సంతకు తోలాల్సిందే, సంతలో ఆ ఏడాది ఎద్దులను కొనేవాళ్ళు ఎవరో, ఎక్కడికి తోలుకుపోతారో అందరికీ తెలుసు. వాటిని కుడితి పట్టి పెంచింది నేను.

నీళ్ళు ఒక్క బోరులోనే ఉన్నాయి. అది మా నాయన వేయించింది, నాకూ మా అన్న సుంకప్పకూ ఉమ్మడి. బోరు గంట పోస్తే రెండు గంటలు గాలి కక్కుతోంది. ఇంకో నాలుగు రోజులు వస్తే గొప్ప, ఒక చేనుకే చాలుతుంది. సగం సగం పెట్టుకుంటే ఇద్దరిదీ పైపైన తడిసి ఎండిపోతుంది. మా అన్న చేనూ మాది మాదిరే ఉంది, వాడికీ ఎద్దులున్నాయి. వాడిని తప్పుబట్టలేను. చీటీలు వేద్దాం, ఎవరి పేరొస్తే వాళ్ళు పెట్టుకుందామని వాడే వచ్చి అడిగాడు. న్యాయమైన మాట.

మా ఆయన ఒప్పుకోలేదు. చీటీ అంటే సగానికి సగమేనట. పేకాడదాం బావా అన్నాడు. నేను వంటింట్లోంచి ఉరికొచ్చేసరికి మా అన్న సరేనని పోయాడు కూడా.

"నీకు తిక్క పట్టిందా?" అని అడిగాను.

"మీ అన్న జన్మలో స్కూటు పెట్టినోడు కాదు. ఎట్లాంటి ముక్కలొచ్చినా ఎత్తుతాడు. నూటికి అరవై నాదే. చీటీలో యాభయ్యే కదా, పది ఊరికే యాల పోగొట్టుకోవల్ల?"

ఆ పది కోసం నా ఎద్దులను పేకముక్కల మీద పెట్టాడు ఆ మహానుభావుడు. తిట్టాను. రాత్రి అన్నం కూడా పెట్టలేదు. ఆయనే పెట్టుకుని తిన్నాడు.

ఆదివారం పొద్దున మోటారు కొట్టంలో కూర్చున్నారు. పక్క చేను తిప్పన్న పాయింట్లు రాయడానికి వచ్చాడు, బొగ్గుతో గోడ మీద రెండు గీతలు గీసి రెండు పేర్లు పెట్టాడు. ఆడేవాళ్ళ వెనక కూర్చోకూడదు, చూసేవాళ్ళు నోరు విప్పకూడదు. నేను వాకిట్లో కూర్చున్నాను. అక్కణ్ణించి ముక్కలు కనబడవు, మొహాలు కనబడతాయి.

మొదటి ఆట మా ఆయన కింద పెట్టేశాడు, ఇరవై. రెండో ఆట కూడా అంతే. మూడో ఆట ఎత్తాడు, గెలిచాడు, మా అన్నకు అరవై రెండు ఎక్కాయి. మళ్ళీ ఒకటి కింద పెట్టి, ఇంకోటి గెలిచాడు, మా అన్నకు ఇంకో నలభై ఎనిమిది. మా అన్న ముక్కలు విసిరికొట్టి బీడీ వెలిగించాడు. మా ఆయన నా వైపు చూసి కళ్ళెగరేశాడు. నాకు కూడా కాస్త ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి.

తర్వాత మా అన్న మారాడు. వాడు చదువుకోలేదు, లెక్కలు రావు. కానీ గొర్రెల సంతలో ఇరవై ఏళ్ళు బేరాలు చేసినవాడు. బావ ముక్క ఎత్తాడంటే చేతిలో బంగారం ఉన్నట్టే, లేకపోతే కింద పెట్టేసేవాడు కదా అని వాడికి తెలిసిపోయింది. ఇక మా ఆయన ఎత్తడం ఆలస్యం, మా అన్న తన ముక్కలు కింద పెట్టేస్తున్నాడు. ఇరవైతో పోతున్నాడు. మా ఆయనకు మంచి ముక్కలొస్తే వచ్చేది ఇరవై, చెడ్డవొస్తే పోయేది ఇరవై. చెడ్డవే ఎక్కువగా వస్తాయి కదా. టీ వేళకు గోడ మీద మా ఆయన నూట నలభై, మా అన్న నూట యాభై.

టీ ఇచ్చే వంకతో ఆయనను పైపు దగ్గరికి పిలిచాను.

"నువ్వు ఎత్తితే చాలు, మా అన్న పెట్టేస్తాండాడు. చూసుకున్నావా? ముక్కలు బాగలేకున్నా ఒకసారి ఎత్తు. వాడే భయపడి పోతాడు."

ఆయన టీ ఊదుకుంటూ నవ్వాడు. చెడ్డ ముక్కలతో ఎత్తడం లెక్క కాదన్నాడు. ఎదుటివాడి మొహం చూసి ఆడేది జూదమట, తన ముక్కలు చూసుకుని ఆడేది గణితమట. నేను బతిమాలాను. ఒక్కసారన్నా చేసి చూడమన్నాను. నోటుబుక్కులో ఎదుటివాడు ఏమనుకుంటాడనే దానికి గడి లేదని ఆయనకు అర్థం కాలేదు. ఆయన లెక్కలో మా అన్న ఎప్పుడూ ఒకే మాదిరి ఆడే మనిషి. మనిషన్నాక నేర్చుకుంటాడు కదా, నా మొగుడు తప్ప.

మళ్ళీ కూర్చున్నారు. ఒకటి కింద పెట్టాడు, నూట అరవై. ఇంకోటి పెట్టాడు, నూట ఎనభై. ఒకటి ఎత్తాడు, మా అన్న వెంటనే పెట్టేశాడు, వాడికి నూట డెబ్భై. తర్వాత ఆట పంచగానే మా ఆయన ముక్కలు చూసి మొహం చిట్లించాడు. నేను గట్టిగా దగ్గాను. నా వైపు చూశాడు కూడా. చూసి, కింద పెట్టేశాడు. రెండొందలు.

ఇరవై అంటే చిన్నదే, ఏ ఆటకా ఆట చూస్తే లాభమే. కానీ అట్లాంటి చిన్నవి పది చేరేసరికి కదలడానికి చోటు లేకుండా పోయింది. ఈ సంగతి కూడా ఆ నోటుబుక్కులో లేదు.

ఇక కంపల్సరీ. స్కూటు పెట్టినా అవుట్, ఓడినా అవుట్. ఆ దశలో ఎవరైనా ఎత్తాల్సిందే, అందుకే దానికి ఆ పేరు. తిప్పన్న పంచాడు. ముందు ఆడాల్సింది మా ఆయనే. ముక్కలు విప్పి చూసుకున్నాడు. సర్దాడు, మళ్ళీ సర్దాడు. చెమట పట్టింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు చెడ్డ ముక్కలతో ఎట్లా ఆడాలో తెలీదు. ఇరవై ఏళ్ళుగా అట్లాంటి ముక్కలను కింద పెడుతూనే వచ్చాడు. అందులోంచి ఏది పారేయాలి, దేనికోసం కాచుకోవాలి అనేది ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

"సార్, కంపల్సరీ. ఎత్తాల్సిందే" అన్నాడు తిప్పన్న.

మా ఆయన చాలాసేపు ముక్కలనే చూశాడు. తర్వాత మెల్లగా వాటిని కింద పెట్టేశాడు.

"దీంట్లో ఏం లేదప్పా" అన్నాడు.

నేను లేచి లోపలికి పోయాను. మిగుల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు కింద పెట్టేదేంది అని అరిచాను. ఓడితే రెండొందల ఎనభై కానీ, రెండొందల ఇరవై కానీ, తేడా ఏముంది? ముక్కలు తిప్పి చూశాను. జోకరు లేదు, నిజమే. ఇస్పేటు ఏడూ ఎనిమిదీ పక్కపక్కనే ఉన్నాయి. ఆరో తొమ్మిదో తగిలితే మూడూ వరసగా కలిసి, ఆటను నిలబెట్టే లైఫ్ ఒకటి పడేది.

మా అన్న తన ముక్కలు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. వాడి మొహంలో గెలిచిన కళ లేదు. ఒక్కొక్కటే నేల మీద పరిచాడు. పదమూడు ముక్కల్లో ఏ రెండూ కలవలేదు.

"నువ్వొక ముక్క ఎత్తింటే నేను పెట్టేస్తాంటి బావా. ఇంకో ఆట ఉండె" అన్నాడు.

తిప్పన్న బొగ్గు పారేసి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత గొడవ రాకుండా, ఓడినవాళ్ళే గేటు వాల్వు తిప్పాలని మా పక్క పద్ధతి. మా ఆయన లేవలేదు. నేనే పోయి మా అన్న చేను వైపు తిప్పాను. నీళ్ళు రెండు దగ్గులు దగ్గి పారాయి. చెల్లెలి ముందర మా అన్న తలెత్తలేదు. వాడి మీద నాకు కోపం లేదు, నా కోపమంతా ఇంకొకరి మీద ఉంది.

ఇంటికి పోకుండా నేరుగా మా చేనుకు పోయాను. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఇప్పుడు పీకితే కాయ రాదు, పిందెలే. కానీ కట్టె వస్తుంది, ఎద్దులకు అయిదారు నెలలు చాలుతుంది. వానకోసమని చూస్తూ కూర్చుంటే వారానికి ఆకు రాలిపోతుంది, తర్వాత పుల్లలే మిగులుతాయి. ఇందులో ఆలోచించేదేమీ లేదు. కొంగు బిగించి మొదటి సాలు పట్టాను. నేల గట్టిపడి వేరు రావడం లేదు, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది.

ఎప్పుడొచ్చాడో, గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"పీకొద్దు పుష్పా. ఇంకో వారం చూద్దాం. వాన రావచ్చు."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఒక్క ముక్క కోసం ఆగని మనిషి వానకోసం వారం ఆగుతాడట. చేతిలోని చెట్టును ఆయన మొహాన కొట్టాలనిపించింది. లెక్కలు చెప్పమన్నాను. ఆకు రాలితే ఎంత పోతుందో, ఈరోజు పీకితే ఎంత మిగుల్తుందో నువ్వే చెప్పమన్నాను. ఆయన గట్టు దిగి వచ్చి, నేను పీకేసిన చెట్టును ఎత్తి, దాని ఊడలకు పట్టిన పిందెలను వేలితో తాకాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది నేను విత్తినాను పుష్పా" అన్నాడు.

"ఆ మాట పొద్దున ముక్కలు చేతిలో పట్టుకున్నప్పుడు యాడికి పోయిండె?" అన్నాను.

ఆయన చెట్టును నా కుప్ప మీద పెట్టి, వంగి పక్క సాలు పట్టాడు. మానిన చేతులు మళ్ళీ బొబ్బలెక్కినాయి, అయినా ఆపలేదు. పొద్దు కుంకేదాకా ఇద్దరం పీకినా అరెకరం కూడా కాలేదు.