తడిలేని ఐసుపెట్టె

సర్కారు జీపు పెద్దమండ్యం దాటి ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. బడి వరండాలో నలభైమంది తల్లులు చంటిబిడ్డలతో ఉదయం నుంచీ కాచుకుని ఉన్నారు. వేరుశెనగ విత్తే అదను. ప్రతివారూ ఆనాటి కూలి వదులుకున్నవారే. సేవాసంఘం నర్సు సుభద్రమ్మ పదిరోజులు గడప గడపా తిరిగి వారిని ఒప్పించింది. మందు, బండి సర్కారువి. మనుషులను నమ్మించే బాధ్యత సంఘానిది. చివరన ఇరుపక్షాలూ సంతకం చేస్తేనే శిబిరం జరిగినట్టు లెక్క. ఆ ఏడు, 1986లో, కుదిరిన ఒప్పందమది.

ఆమె పోలియో చుక్కల పెట్టె తెరిచి సీసాలను తాకింది. వెచ్చగా ఉన్నాయి.

"ఐసు యాడ సార్?"

హెల్త్ ఇన్‌స్పెక్టరు దేవరాజులు చెమట తుడుచుకున్నాడు. "ఎండ సూడమ్మా ఎట్లుండాదో! కరిగిపోయింటాది. కానియ్యమ్మా, టైమయితాంది."

సుభద్రమ్మ సీసాలు తీసి పక్కన పెట్టి, పెట్టెను అందరిముందూ బోర్లించింది. ఒక్క బొట్టు రాలలేదు.

"కరిగితే నీళ్లుండాల కదప్పా?"

డ్రైవరు మునిరత్నం తల వంచుకున్నాడు. "హార్స్లీ హిల్స్‌కు పొయ్యే పెద్దసార్లు దావలో కలిసినారమ్మా. సోడాల్లోకి ఐసు కావాలన్యారు. మా సారు ఇచ్చెయ్యమన్యాడు."

దేవరాజులు ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "పోసినా బిడ్డలకు చెడుపేమీ లేదు కదమ్మా."

"మేలూ లేదు."

"సంతకం పెట్టకుంటే మీ సంఘానికి ఇంగ మందు రాదు. ఈ ఆడోళ్లూ మళ్లా రారు."

ఆ రెండో మాటే ఆమెను ఆలోచనలో పడేసింది. ముందు వరసలో తిమ్మక్క ఒడిలో పసిగుడ్డు. పక్కన పెద్దకూతురు, పుల్లలా సన్నబడిన కాలును చేత్తో పట్టుకుని నేలమీద జరుగుతోంది. ఈ పనికిరాని చుక్కలతోనే బిడ్డలకు రక్షణ దొరికిందన్న ధీమాతో వీళ్లు ఇళ్లకు పోతే?

సుభద్రమ్మ వరండా మధ్యకు వచ్చి నిలిచింది. "అమ్మల్లారా, ఈ మందు సచ్చిపోయింది. దీని ఐసు సార్లు తాగినారు. మీ బిడ్డలకు నేను పొయ్యను."

"కూలీ పాయ, మందూ పాయ! ఇంగ మా గడప తొక్కొద్దు!" కొందరు లేచి వెళ్లిపోయారు.

తిమ్మక్క మాత్రం కదలలేదు. "మునిరత్నప్పా, మదనపల్లికి పొయ్యి కొత్త మందు తెచ్చేదానికి ఎంతసేపు?"

"అయిదు గంటలక్కా."

"అట్లయితే పోండి. వచ్చేదాకా మేం ఈడనే ఉంటాం."

"కొత్త మందు కావాలంటే కారణం రాయాల నేను!" దేవరాజులు గొంతు పెంచాడు.

"రాయండి సార్. జరిగిందే రాయండి. కింద నేనూ సంతకం పెడతా."

సుభద్రమ్మ కాగితం అందించింది. అతడు తల్లుల వైపు చూశాడు. ఒక్కరూ చూపు తిప్పుకోలేదు. కలం అందుకున్నాడు.

పొద్దు కుంకుతుండగా జీపు వచ్చింది. పెట్టె దేవరాజులు ఒడిలోనే ఉంది. అతని ప్యాంటు మోకాళ్లదాకా తడిసిపోయింది. సుభద్రమ్మ లోపల చెయ్యి పెట్టింది. వేళ్లు కొంకర్లు పోయాయి.

"తిమ్మక్కా, ముందు నువ్వు రా."

ముప్ఫై ఒక్కరు మిగిలారు. తక్కిన తొమ్మిది గడపలూ, తిట్లు తింటూ, ఆమె మళ్లీ తొక్కవలసినవే.