బ్రేకు తొక్కని ప్రయాణం

ప్రొద్దుటూరులో కొత్త బండి కొన్నవాళ్లు ఆంజనేయస్వామి గుడికి తెచ్చి, పూజారి కోదండపాణి చేత పూజ చేయించుకోవడం మామూలే. ట్రాక్టర్లు, ఆటోలు, సిమెంటు లారీలు ఆయన చేతి కుంకుమ పెట్టించుకున్నవి లెక్కలేనన్ని. కానీ ఆ శనివారం పొద్దున నీరజ తెచ్చి నిలబెట్టినటువంటి బండిని ఆయన డెబ్బై ఏళ్ల జీవితంలో చూడలేదు. రెండే తలుపులు. నేలకు జానెడెత్తులో ఉంది. కొబ్బరికాయ కొట్టడానికి వంగితే ఇంజను వేడి మొహానికి తగిలింది.

నీరజ పులివెందుల ఆదినారాయణ మనవరాలు. బెంగుళూరులో ఉద్యోగం.

"ఆటోమేటిక్ కాదా అమ్మా?" అద్దంలోంచి లోపలికి తొంగిచూసి అడిగాడు.

"కాదు స్వామీ. ఆరు గేర్లు, చేత్తో వేసుకునేటియే. ఇప్పుడు ఇట్లాంటివి చేసేది తగ్గిపోయింది. ఏడాది ఎతికి పాతదే కొన్న్యా."

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక ఆమె తాళం ఆయన చేతికిచ్చింది. "మీకు డ్రైవింగు మా అబ్బే నేర్పినాడంట గదా? జమ్మలమడుగు దాకా మీరే నడపండి. ఆడినుంచి పులివెందులకు పోదాం. జేజి మిమ్మల్ని చూడాలంటాంది. సాయంత్రానికి మళ్లీ దింపుతా."

అబ్బ అంటే తాత ఆదినారాయణే, జేజి ఆయన భార్య వెంకటమ్మ. ఆదినారాయణ పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు వినగానే కోదండపాణికి కాదనడానికి నోరు రాలేదు. కొడుకును మధ్యాహ్నం హారతి చూసుకోమని చెప్పి, పంచె ఎగగట్టి, ఆ పల్లపు సీట్లోకి జారాడు.

నిమ్మకాయలు నలిగాయి గానీ బండి రెండుసార్లు ఆగిపోయింది. పూలమ్మే గురవమ్మ బుట్ట పక్కకు జరుపుకుని, "ఏంది స్వామీ, ఇంకో టెంకాయ కొట్టాల్నా?" అని నవ్వింది. తన పాత మారుతికి అలవాటైన కాలికి ఈ క్లచ్చు శానా బరువుగా ఉంది. మూడోసారి ఆయన కళ్లు అర మూసి ఇంజను చప్పుడు విన్నాడు. "క్లచ్చు కాలితో కాదురా కోదండం, చెవితో వదలాల." యాభై ఏళ్ల కిందటి ఆదినారాయణ మాట. బండి మెత్తగా కదిలింది.

అప్పట్లో ఆదినారాయణ ప్రొద్దుటూరులో పత్తి వ్యాపారం చేసేవాడు. కోదండపాణి వాళ్ల పక్కింట్లోనే ఆయన కాపురం. తెల్లటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. సీట్ల సందుల్లో ఎప్పుడూ పత్తి పీచు, లోపల పెట్రోలు వాసన. పూజారి కొడుకని చూడకుండా, అడిగినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. పత్తి ధర పడిన రోజు కూడా విసుక్కోలేదు.

ఊరు దాటాక రోడ్డు తెరుచుకుంది. మూడో గేరు వేసి కాస్త నొక్కాడో లేదో, వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు బండి ఉరికింది. కోదండపాణి నోట్లోంచి చిన్నపిల్లవాడి నవ్వులాంటిది వచ్చింది. నాలుగు. గేరు రాడు అరచేతిలో చిన్నగా 'టక్' మని పడుతుంటే మోచేతి దాకా హాయిగా ఉంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఇదే రోడ్డు మీద ఇదే హాయి.

"ఈ దోవలోనే గదా స్వామీ మా అబ్బ కారు తోలింది?" నీరజ ఉత్సాహంగా మొదలుపెట్టింది. "మా నాయన పుట్టిన రోజు. జేజికి నొప్పులు ఎక్కువై ప్రాణం మీదికొస్తే జమ్మలమడుగు ఆసుపత్రికి ఇరవై నిమిషాల్లో తీస్కపొయినాడంట. మధ్యలో వంక కాడ బ్రేకు ఫెయిలైతే ఒట్టి గేర్లతో ఆపినాడంట. మా ఊర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు."

కోదండపాణి తలూపాడు. అంతలో వంక మీది వంతెన దగ్గర మేకల మంద రోడ్డెక్కింది. ఆయన కాలు బ్రేకు మీదికి పోలేదు. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు. ప్రతిసారీ మధ్యలో యాక్సిలరేటరు ఒకసారి తట్టి, ఇంజనుకు ఒక చిన్న ఊపిరి ఇచ్చి గేరు దించాడు. బండి గొంతు పెరిగింది గానీ ఒళ్లు కదల్లేదు. నీరజ ఒళ్లో పూజ పళ్లెం, అందులో కొబ్బరి చిప్ప, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఆ పొద్దు బ్రేకు ఫెయిల్ కాలేదమ్మా," అన్నాడు, మేకల్నే చూస్తూ. "గుంతల రోడ్డు. గట్టిగా తొక్కితే ఎనక సీట్లో మీ జేజి ముందుకు పడుతుందని తొక్కలేదు."

మేకలు పోయాయి. నీరజ ఆయన వైపు తిరిగింది.

"మీకెట్ల తెలుసు?"

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

"మీ అబ్బ ఆ పొద్దు చేతులు వణికి తాళం కూడా పెట్టలేకపొయినాడు. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పోయినారు. ఆయన ఎనక కూర్చోని ఆయమ్మ తల ఒళ్లో పెట్టుకున్న్యాడు."

మిగతాది కూడా చెప్పాడు. దానికి నెల ముందే, పూజ చేయాల్సిన చేతులు స్టీరింగు పట్టకూడదని తండ్రి తన చేత గర్భగుడి ముందు ఒట్టు వేయించుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కోదండపాణి ఏడుస్తూ, "నాన్నకు తెలియనీయొద్దన్నా" అని ఆదినారాయణ చేతులు పట్టుకున్నాడు. ఆయన, "సరే రా, నేనే తోలినా" అన్నాడు. అంతే. తండ్రి పంతొమ్మిది వందల తొంభై ఆరులో పోయాడు. అప్పటికి ఆ కథ జనం నోట్లో గట్టిపడిపోయింది. తను నోరు తెరిస్తే, మాట నిలబెట్టుకున్నవాణ్ని అబద్ధాలకోరును చేసినట్టవుతుందని కోదండపాణి ఊరుకున్నాడు.

"అందుకేనా," అంది నీరజ నెమ్మదిగా, "ఎవరన్నా ఆ మాట ఎత్తితే అబ్బ లేసి బయటికి పోయేటోడు. సిగ్గనుకుంటా ఉంటిమి."

జమ్మలమడుగులో టీ తాగారు. పెన్న దాటాక నీరజ నడిపింది. బాగానే నడిపింది, గేరు దించేటప్పుడు మాత్రం ఆయన్ను చూసి చూసి దించింది.

పులివెందులలో వెంకటమ్మ వరండాలోనే ఉంది. మనవరాలి మొహం చూసి, తర్వాత కోదండపాణిని చూసి, "చెప్పినావా అప్పా?" అంది.

"నీకు తెలుసా జేజీ?" నీరజ అరిచింది.

"ఎనక సీట్లో పండుకున్నదాన్ని నేనేగదే. పిల్లోడు వాడంతట వాడు చెప్పేదాకా మనం నోరు తెరవగూడదన్న్యాడు మీ అబ్బ. పొయ్యేటప్పుడు కూడా అదే మాట."

కోదండపాణి మెట్టు మీదే కూర్చుండిపోయాడు. కండువాతో కళ్లు తుడుచుకోవడం ఎవరి కంటా పడకుండా దాచుకోలేకపోయాడు.

ఇంట్లోంచి వచ్చిన సుధీర్, నీరజ తండ్రి, ఆ రోజు పుట్టినవాడు, గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. భోజనాలయ్యాక కూతురి దగ్గర తాళం అడిగి తీసుకున్నాడు. తనే దింపి వస్తాడనుకున్నారంతా. ఆయన తాళం కోదండపాణి చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

"మీరే నడపండి స్వామీ. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వస్తాలే. బండి రేపు పాప తెచ్చుకుంటాది. ఆ పొద్దు నేను చూళ్లేదు గదా."

ముద్దనూరు దాటినా సుధీర్ రోడ్డు చూడలేదు. ఆ ముసలి చెయ్యి గేరు రాడు మీద ఎట్లా కదులుతోందో, అదే చూస్తూ కూర్చున్నాడు.