పండిన నిదానం

పొద్దున్నే లాండ్రీ తెరవడానికి వచ్చిన పిచ్చుకకి అద్దం తలుపు మీద పసుపు రంగు అక్షరాలు కనిపించాయి. ఒక్కొక్క అక్షరం జానెడు పొడవు. "పండిన నిదానం!" అని రాసి ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది. పక్కన అన్నయ్య కుంచె తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు, పెళ్ళికొడుకులా మొహం వెలిగిపోతూ.

"ఏంటన్నయ్యా ఇది?"

"పేపర్లో పడ్డ మాట. మన గురించి. బావని అడుగు, చదువుతాడు."

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు మనిషి చూస్తే గుప్పెడు, గొంతు వింటే వీధంత అని అన్నయ్యే పెట్టాడు. నలభై దాటినా, సొంతంగా లాండ్రీ పెట్టుకున్నా ఆ పేరు వదల్లేదు. అన్నయ్యది బోర్డులు రాసే పని. ఆమె భర్త లాండ్రీలో ఇస్త్రీ చూసుకుంటాడు. ఇవి పగటి పనులు. వాటి వెనక ముగ్గురికీ ఇంకో బతుకు ఉంది. ఆమె పాడుతుంది, ఆయన గిటారు వాయిస్తాడు, అన్నయ్య డ్రమ్స్. ముగ్గురూ కలిస్తే గాలిదుమారం అనే రాక్ బృందం. ఏ పాటల కంపెనీ గుమ్మమూ తొక్కలేదు. సొంత పాటలు, సొంత ఖర్చు, సొంత గొడవలు. ఒకప్పుడు వాళ్ళ పాట మొదలైతే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండేవాడు కాదు. తర్వాత పిల్లలూ పనులూ మీద పడి ఆ దుమారం అణిగిపోయింది. పదిహేడేళ్ళకి మళ్ళీ ఒక ఆల్బమ్ చేశారు. అది బయటికి వచ్చి వారమైంది.

భర్త ఇస్త్రీ బల్ల మీద పేపరు పరిచి, గొంతు సవరించుకుని చదివాడు. "వేగం కుర్రతనపు తొందర. ఆ తొందర దాటి గాలిదుమారం ఇప్పుడు పండిన నిదానానికి చేరుకుంది. ప్రతి దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునే చోటు ఉంది."

"విన్నావా?" అన్నాడు అన్నయ్య. "ఊపిరి పీల్చుకునే చోటంట!"

పిచ్చుక నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆ నిదానం ఎక్కడ పండిందో ఆమెకి తెలుసు.

రెండేళ్ళ కిందట అన్నయ్య నిచ్చెన మీంచి పడ్డాడు. భుజం ఎముక విరిగి కట్టు కట్టారు. కట్టు విప్పాక పనిలోకి వెళ్తే, యజమాని మంచికే నేల మీద నిలబడి రాసే బోర్డులు మాత్రమే ఇచ్చాడు. అన్నయ్య కుంచెలన్నీ మూటగట్టుకుని ఇంటికి వచ్చేశాడు. "నన్ను చూసి జాలిపడే చోట నేను పనిచెయ్యను" అన్నాడు. ఎవరెంత బతిమాలినా ఆ గుమ్మం మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు విడిగా రాసుకుంటున్నాడు.

అందుకే, ఆల్బమ్ కోసం లాండ్రీ వెనక గదిలో సాధన మొదలుపెట్టినప్పుడు, పాట పాటకీ అన్నయ్య భుజం నొక్కుకోవడం చూసి కూడా పిచ్చుక ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎక్కడ డ్రమ్స్ కర్రలు మూటగట్టేస్తాడో అని భయం. రికార్డింగ్‌లో ముగ్గురి చెవుల్లోనూ గడియారంలా టక్ టక్ అని ఒక చప్పుడు నడుస్తుంది. పాట ఎంత జోరుగా పోవాలో చెప్పేది అదే. దాన్ని సరిచేసేది భర్త. ఒకరోజు దుప్పట్లు మడతపెడుతూ ఆయన చెవిలో చెప్పింది, "ఆ టక్ టక్ కాస్త తగ్గించండి. అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకండి. నా మీద ఒట్టు."

ఆయన తలూపాడు. ఎందుకో ఒక్క క్షణం నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. పిచ్చుక పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి రెండో పేపరు వచ్చింది. అందులో రాసినాయన పెద్దమనిషి తరహా కాదు. "గాలిదుమారం అని పేరు చూసి కిటికీలు మూసుకున్నాను. తీరా వచ్చింది పంకా గాలి. అదీ ఒకటో నంబరు మీద" అని మొదలుపెట్టాడు. భర్త అక్కడిదాకా చదివి, ఇస్త్రీ చేసిన బట్టలు చుట్టడానికి పనికొస్తుందని పేపరు మడిచేశాడు.

విన్నవాళ్ళ మాటలు ఫోనులో వేరేగా ఉన్నాయి. పిచ్చుక కౌంటరు వెనక నిలబడి, రసీదుకీ రసీదుకీ మధ్య చదివింది. "పాత పాట మళ్ళీ పాడారని ఎగిరి గంతేశా. పాట సగంలోనే కునుకు పట్టింది." "మా నాన్న ఈ పాట పెట్టుకుని బండి తోలేవాడు. ఇప్పుడు పెడితే సైకిళ్ళు దాటిపోతున్నాయి." "బాగానే ఉంది, పెద్దాళ్ళు కదా పాపం."

ఆ చివరి మాటలో 'పాపం' దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తర్వాతది ఒక బస్సు డ్రైవరు రాసింది. ఆడమనిషి. "పదిహేడేళ్ళు ఎదురుచూశాను. మొదటి ఉద్యోగం పోయిన రోజు మీ పాటే నన్ను లేపి నిలబెట్టింది. ఇప్పుడు మీరు వాయిస్తుంటే పక్కింటివాళ్ళ గాజు గిన్నెలు అరువు తెచ్చుకుని పట్టుకున్నట్టుంది. ఏం పగులుతుందని భయపడ్డారు?"

పిచ్చుక ఫోను బోర్లించింది. ఒకాయన కోటు తీసుకెళ్ళడానికి వస్తే ఇంకొకాయన కోటు ఇచ్చింది. ఆయన తొడుక్కుని, కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాక గానీ ఎవరూ గమనించలేదు.

సాయంత్రం షట్టరు సగం దించే వేళకి అన్నయ్య వచ్చాడు. పొద్దుటి వెలుగు మొహంలో లేదు. వెనక గదిలోకి వెళ్ళి, వేలాడే కోట్ల మధ్య తన డ్రమ్స్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఆ కోట్లూ దుప్పట్లూ చప్పుడు పీల్చేస్తాయి కాబట్టే ఇరుగుపొరుగు ఇన్నాళ్ళూ దెబ్బలాటకి రాలేదు.

"ఆ బస్సు డ్రైవరు రాసింది చదివావా?" అన్నాడు.

అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది పిచ్చుక. "చదివాను."

"తప్పు నాదేనమ్మా."

"నీదేంటన్నయ్యా..."

"ఆగు, చెప్పనీ. పోయినేడు నువ్వు ఊపిరితిత్తులకి నెమ్ము పట్టి ఆసుపత్రిలో పడుకున్నావు. మెట్లు రెండెక్కితే గోడ పట్టుకునేదానివి. పాడుతుంటే లైను చివర గొంతు పీలగా అయిపోయేది. నిన్ను అడిగితే పాడనంటావని..." అన్నయ్య కర్రలు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. "బావకి చెప్పి పాటలు నెమ్మది చేయించాను. పొద్దున ఆ పేపరాయన మెచ్చుకునేసరికి, పోన్లే, నా పిచ్చుకకి మంచే జరిగిందనుకున్నా. అద్దం మీద రాసింది నీ కోసం. నా గొప్పకి కాదు."

పిచ్చుక వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ఇస్త్రీ బల్ల వెనక భర్త ఒకే చొక్కాని ఒకే చోట రుద్దుతున్నాడు.

"ఏవండీ" అంది పిచ్చుక.

"ఊఁ."

"అన్నయ్య మీకు చెప్పాడా?"

"చెప్పాడు."

"నేను చెప్పింది అన్నయ్యకి చెప్పారా?"

"ఒట్టు వేయించుకున్నావుగా. ఆయనా వేయించుకున్నాడు. చెల్లెలి మీద ఒట్టన్నాడు. నువ్వేమో నీ మీదే ఒట్టన్నావు. ఎటు చూసినా చచ్చేది నువ్వే. నేనేం చెయ్యను?"

"నువ్వేం చెప్పావే?" అన్నాడు అన్నయ్య, మెల్లగా.

ఆమె చెప్పింది. భుజం గురించి, టక్ టక్ గురించి. చెబుతూ మొహం దుప్పట్ల వైపు తిప్పుకుంది. కర్రలు కింద పడ్డ చప్పుడు వినిపిస్తుందేమోనని ఎదురుచూసింది. వినిపించలేదు.

"అయితే బావా," అన్నాడు అన్నయ్య, "ఎవరి మాట మీద తగ్గించావు?"

భర్త తల దించుకున్నాడు. "ఇద్దరి మాటా విన్నాను. ముందు నీ కోసం ఒకసారి. తర్వాత ఆవిడ కోసం ఇంకోసారి."

"రెండుసార్లా!"

"రెండుసార్లే."

అన్నయ్యకి నవ్వొచ్చింది. ఆపుకోలేక భుజం పట్టుకుని మరీ నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వబోయి దగ్గింది. కమురు వాసన వస్తే అందరూ ఒకేసారి బల్ల వైపు చూశారు. చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమ రంగు మచ్చ పడి ఉంది. "ఇది ఎవరిదో" అన్నాడు భర్త, ఏడుపు గొంతుతో.

"టక్ టక్ లేకుండా పాత పాట ఒకసారి వాయిద్దాం" అన్నాడు అన్నయ్య.

వాయించారు. మొదటి దెబ్బకే వేలాడే కోట్లు ఊగాయి. మూడో చరణం దగ్గర పిచ్చుకకి ఊపిరి తెగిపోయింది, ఒక లైను పూర్తిగా మింగేసింది. అదే చోట అన్నయ్య చెయ్యి లేవక ఒక దెబ్బ తప్పింది. భర్త గిటారు వాళ్ళిద్దరినీ వెతుక్కుంటూ ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. తప్పులకి లెక్క లేదు. కానీ పాట పరిగెత్తింది. పడింది, లేచింది, మళ్ళీ పరిగెత్తింది. ఆగాక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బాగా వచ్చిందని ముగ్గురికీ తెలుసు. విన్నవి మాత్రం ఊరివాళ్ళ కోట్లు.

"ఆల్బమ్‌లో ఇలాగే పెట్టాల్సింది" అంది పిచ్చుక. పెట్టింది పెట్టేశారు. ఆ బస్సు డ్రైవరు ఇంట్లో ఉన్నది ఇంకో పాట, ఎవరికీ నొప్పి కలగకుండా జాగ్రత్తగా నడిపించినది.

ఇంటికెళ్ళే ముందు ఫోను తీసి ఆ డ్రైవరుకి జవాబు రాసింది. మొదట పెద్దగా రాసి, అంతా చెరిపేసి, చివరికి "ఒకరి గురించి ఒకరం భయపడ్డాం. అడగకుండా" అని పంపింది. ఆమె దగ్గర్నుంచి తిరుగు మాట ఏమీ రాలేదు.

మర్నాడు మొదట వచ్చింది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. దుప్పట్లు కౌంటరు మీద పెడుతూ, "మీ కొత్త పాటలు ఎంత బాగున్నాయమ్మా! రోజూ పెట్టుకునే పడుకుంటున్నా. మాత్ర వేసుకునే పనే లేదు" అంది మనస్ఫూర్తిగా.

"సంతోషమండీ" అంది పిచ్చుక, రసీదు రాసిస్తూ.

బయట అన్నయ్య బ్లేడుతో అద్దం మీది అక్షరాలు గీకుతున్నాడు. 'పండిన' పోయింది. 'నిదానం' సగం ఉంది. పసుపు పొడి అతని చెప్పుల మీద రాలుతోంది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా మెడ పక్కకి వాలిపోతోంది. ఇన్నాళ్ళూ అది చూసినప్పుడల్లా పిచ్చుక చూపు తిప్పుకునేది. ఇవాళ తలుపు తోసుకుని బయటికి వెళ్ళింది.

"అన్నయ్యా, భుజం నొప్పిగా ఉందా?"

అతను గీకడం ఆపాడు. లేదనే మాట నోటిదాకా వచ్చినట్టే ఉంది.

"ఉంది" అన్నాడు. "నీకు ఆయాసం?"

"ఉంది."

అన్నయ్య బ్లేడు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. పిచ్చుక లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, కింది అక్షరాల దగ్గర కూర్చుంది.